బాపు కట్టించిన పొయ్యిగద్దె

పోయిన నెల మా మనుమరాలు శ్రావణి కరీంనగర్ నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, నువ్వు ఒక్కసారి వచ్చిపో, గీయనతోని నాతోటి అయితలేదు" అన్నది. కొత్తగా కాపురం పెట్టుకున్న పిల్లలు, ఏం ముంచుకొచ్చిందో ఏమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని బస్సెక్కిన. తీరా పోయి చూస్తే కయ్యం వంటింటి గట్టు గురించి. ఆ పిల్లకు నల్లరాయి కావాలె, ఆమె మొగనికి తెల్లరాయి కావాలె. బాల్కనీలో ఆమె కొత్తిమీర, పుదీన కుండీలు పెట్టుకుంటనంటది, ఆయన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి రెండు కుర్చీలు వేసుకుంటనంటడు. ఇద్దరికీ మాటల్లేవు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు గోడకు చెప్తున్నరు. నన్ను నడుమ కూసోబెట్టి న్యాయం చెప్పుమన్నరు. నాకు నవ్వు ఆగలే. "నవ్వుతవేందమ్మమ్మా?" అని శ్రావణి మూతి ముడిచింది. "నవ్వక ఏం జేయమంటవు బిడ్డా? నేను పుట్టి పెరిగిన ఇంట్ల గిసొంటి కయ్యం ఒక ఎండకాలం మొదలై వానకాలం దాక నడిచింది" అన్న. ఆ పూట వాళ్లకు చెప్పిన ముచ్చటే ఇది. చెప్తుంటే నాకే మళ్లా నన్ను కన్న అవ్వ చేతి పొగవాసన తగిలినట్టయింది.

లక్సెట్టిపేటలో మాది గూనపెంకల ఇల్లు. తాత కట్టింది. తాత మగ్గం నేసినోడు. ఆయన కొడుకు, మా బాపు, మాత్రం ఉర్దూ చదువుకొని బడిపంతులయిండు. ఊరంతా ఆయనను పంతులు అనే పిలిచేది. తెల్లవారకముందే అవ్వ వాకిలి ఊడ్చి సానుపు చల్లేది. ఆ పేడనీళ్ల వాసన, తడిమన్ను వాసన, దాని వెంబడే వంటర్రలకెళ్లి వచ్చే పచ్చికట్టెల పొగవాసన, ఈ మూడూ ఒకదాని మీదొకటి పడుకుంటె అదే మాకు తెల్లవారినట్టు. వంటర్ర ఇంటికి వెనకదిక్కు ఉండేది. అది తాత కాలంలో నూలుకట్టలు దాచిన అర్ర. నూలుకు వెలుతురు, చెమ్మ తగలొద్దని దానికి కిటికీ పెట్టలే. నూలు పోయి పొయ్యి వచ్చినా గోడలు గోడల తీరుగనే ఉండిపోయినయి. పొగ పోవాలంటే దర్వాజలకెళ్లి పోవాలె, లేకపోతే పెంకల సందులకెళ్లి పోవాలె, అదీ కాకపోతే మా అవ్వ ముక్కులకెళ్లి పోవాలె. ఎక్కువ పొగ ఆ మూడో తొవ్వే పట్టేది. అవ్వ కండ్లు ఎప్పుడూ ఎర్రగ ఉండేటివి. చిన్నప్పుడు నేను, ఆడోళ్ల కండ్లు పెండ్లయినంక ఎర్రగ మారుతయని అనుకునేదాన్ని.

మా బాపు ఎంత పొడుగో మా అవ్వ అంత పొట్టి. వాళ్లిద్దరూ బజార్ల పక్కపక్కన నడిచిపోతుంటె తాటిచెట్టు తన మిట్టమధ్యాహ్నపు నీడను వెంటేసుకొని పోతున్నట్టుండేది. ఆ పొట్టి మనిషి అడిగింది ఒక్కటే, వంటర్రకు ఒక కిటికీ. పెండ్లయి ఈ ఇంట్ల కాలు పెట్టిన కొత్తల అడిగిందట. నాకు బుద్ధి తెలిసినకాడి సంది నేనే ఎన్నిసార్లు విన్ననో. బాపు దగ్గర జవాబు తయారుగ ఉండేది. "మన్నుగోడనే. పొక్క గొడ్తె పెంకలన్ని నెత్తి మీదికొస్తయి." ఇంకోనాడు, "సందుల పోయేటోళ్లంత మన కూరగిన్నెలకు తొంగిచూస్తరు." ఇంకేం తోచకపోతే, "మా నాయిన పెట్టలే గద, ఊకెనే పెట్టకుంటడా?" అవ్వ ఊదుగొట్టం అందుకొని పొయ్యిలకు ఇంత గట్టిగ ఊదేది. ఆ ఊదుడులోనే ఆమె చెప్పాలనుకున్నదంత ఉండేది.

అట్లని బాపుకు ఇల్లు పట్టదని కాదు. పట్టేది, జర ఎక్కువనే పట్టేది. బడి లేని ఐతారం వచ్చిందంటె ఆయన చేతికి సుత్తెనో రంపమో తగులుకునేది. కచ్చేరి తలుపులకు ఆకుపచ్చ రంగు చూసొచ్చి మా దర్వాజలకు అదే రంగు పూసిండు. ఆ రంగు ఆరేలోపల మా బర్రె వీపు రాసుకొని వాకిట్లకు పోతె, దాన్ని చూడ వాడకట్టు పోరగాళ్లంత వచ్చిన్రు. ఇంకోసారి, ఉట్టి పాతకాలపుదని విప్పిపారేసి గోడకు చెక్కబల్ల కొట్టిచ్చిండు. ఉట్టి అందక ఏండ్ల సంది పైకి చూసుకుంట కూసున్న పిల్లి ఆ దినం మీగడ తిని బాపుకు మొక్కి ఉంటది. "ఇల్లన్నంక బాగు చేసుకుంట ఉండాలెనే, దునియా ముందలికి పోతుంది" అనేటోడు బాపు. "దునియాను పోనీ, పాలకుండ ఏడికి పోయిందో చూడు" అనేది అవ్వ.

నిజాం రాజ్యం పోయి, పెద్దోళ్లు ఇంకా పాతరోజుల గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునే కాలం అది. ఆ ఎండకాలం హుస్నాబాద్ దిక్కున్న అవ్వ తల్లిగారింట్ల మా చిన్నమ్మ పెండ్లి వచ్చింది. బాపుకు బడిపరీక్షల పని ఉండి పెండ్లినాటికి వచ్చి మొకం చూపించి తిరిగిపోయిండు. అవ్వ, నేను, చంకల తమ్ముడు అక్కడ ఉండిపోయినం. తమ్ముడు అంతకుముందే పాక్కుంట పోయి నేలపొయ్యిలో చెయ్యి పెట్టిండు. అరచెయ్యి బొబ్బలెక్కి, వాడు ఏడ్సిన ఏడుపుకు బాపు తిండి మానేసిండు. ఆ కాలిన చెయ్యి ఆయన మనసులో అట్లనే ఉండిపోయింది. ఎప్పుడో పనిమీద ఒక ఇంజనీరు బంగళాకు పోయినప్పుడు అక్కడ నిలవడి వంట చేసే పొయ్యిగద్దె చూసిండట. ఎత్తుమీద పొయ్యిలు, కింద కట్టెలు పెట్టే గూడు. పిల్లగాండ్ల చేతికందదు, బూడిద పడదు, నడుం వంచే పని లేదు. మేము ఇంట్ల లేని అదును చూసుకొని, మా వాడకట్టు సుతారి, గోడలు కట్టే ఓదెలును పిలిపించి, అతను "ఎంత ఎత్తు లేపాలె పంతులూ?" అని అడిగితే, బాపు నిలవడి తన నడుం మీద చెయ్యి పెట్టి "ఇగో, గీడిదాక" అని చూపించిండు.

మేము బస్సులు మారి, సన్నగిల్లిన గోదారి దాటి ఇంటికి వచ్చేసరికి బాపు దర్వాజల నిలవడి ఉన్నడు. ధోతి మీద సున్నం మరకలు, మొకం నిండ సంబురం. అవ్వ కాళ్లు కడుక్కోకముందే "రా, రా, ముందు వంటర్రలకు రా" అని తొందరపెట్టిండు. అవ్వ మొకం వెలిగింది. కిటికీ పెట్టించిండనే అనుకున్నది. ఆ ముచ్చట నాకు చాలా ఏండ్లకు ఆమే చెప్పింది. లోపలికి పోయినం. గోడలకు కొత్తసున్నం, కిటికీ జాడ లేదు. వెనకగోడ వెంబడి ఒక కొసనుంచి ఇంకో కొసదాక ఇటుకల గద్దె, మీద నున్నగ గచ్చు, మూడు పొయ్యిలు. అవ్వ దగ్గరికి పోయి నిలవడ్డది. గద్దె అంచు ఆమె గదవకు జరంత కింద ఆగింది. ఆమె చెయ్యెత్తి పొయ్యి మీద పెట్టి చూసింది, మడిమెలు లేపి చూసింది. తర్వాత మెల్లగ అడిగింది.

"గిండ్ల కుండ పెడితె లోపట ఏం ఉడుకుతుందో నాకెట్ల కనవడ్తదయ్యా?"

బాపుకు అప్పుడు కనబడ్డది, గద్దె కాదు, ఆమె పొడుగు. కని పంతులు మనిషి, తప్పయిందని ఒప్పుకుంటడా? "పీట చేపిస్త. దాని మీద నిలవడి ఒండుకో" అన్నడు. "పీట మీద కూసుంటరు గని నిలవడి ఒండుతరా? కాలు జారితె పప్పుల పడేది నేనా, నువ్వా?" అని అవ్వ చంకల పిల్లగాన్ని దించి వెనకకు పోయింది. చిక్కుడు పందిరి కింద మూడు రాళ్లు పెట్టింది, మంట పెట్టింది, ఆ మాపటికి అక్కడనే రొట్టెలు కొట్టింది.

ఆనాటి సంది మా వంట పందిరికింద. కొట్లాట లేదు, ఏడుపు లేదు, ఒకరినొకరు తిట్టుకున్నది లేదు. బాపు "అన్నం పెట్టు" అంటె పెట్టేది. "కూర మంచిగున్నది" అంటె ఇంకింత వేసేది. వంటర్ర మాట మాత్రం ఇద్దరూ ఎత్తేటోళ్లు కాదు. బాపు చేపించిన ఎత్తుపీట దర్వాజ పక్కన బోర్లపడి ఉండేది. నాకు మాత్రం ఆ ఎండకాలం పండుగలెక్క ఉండేది. తలమీద చిక్కుడుపూత, దాంట్ల తేనెటీగలు, కింద జొన్నరొట్టె చప్పుడు, పక్కన పుల్లటి పుంటికూర ఆకు నూరే రోలు. వాడకట్టు ఆడోళ్లు తోచినప్పుడల్లా వచ్చి కూసునేటోళ్లు. పక్కింటి మల్లవ్వ అయితే తన కూరగిన్నె తెచ్చుకొని మా నిప్పు మీదనే ఉడకబెట్టుకునేది. గద్దె ఖాళీగ ఉన్నదని బాపు దాని మీద తన పుస్తకాలు పేర్చుకున్నడు. కూరగాయలుండాల్సిన కాడ ఉర్దూ వాచకాలు, కుండలుండాల్సిన కాడ జవాబు కాయితాలు. "పంతులింట్ల పొయ్యి మీద చదువు ఉడుకుతుంది, చెట్టు కింద పప్పు ఉడుకుతుంది" అని మల్లవ్వ బజారంతా చెప్పుకొచ్చింది. బాపు చెవిన పడ్డది. విననట్టే ఉన్నడు.

మిరుగం కార్తె వచ్చింది. మొదటి వాన మధ్యాహ్నం వంట నడుమ పడ్డది. అవ్వ కుండమీద గొంగడి పట్టుకొని నిలవడ్డది గని లోపలికి మాత్రం రాలే. తెల్లారి పొయ్యిరాళ్లు తీసుకుపోయి కొట్టంల పెట్టింది. అటు బర్రె, ఇటు పొయ్యి, నడుమ అవ్వ. పప్పులో గడ్డిపోచలు వచ్చేటివి. బాపు ఒక్కొక్కటి ఏరి కంచం అంచుకు పెట్టుకుంట తినేటోడు. కొట్టం నిండ దోమలు. మా దిక్కు గోదారి ఒడ్డు ఊళ్లకు వానకాలమంటె వరినాటు ఎంత నిజమో చలిజ్వరం అంత నిజం. ఒకనాటి మాపటికి అవ్వ రొట్టె కొట్టుకుంట కొట్టుకుంట అట్లనే గోడకు ఒరిగింది. ముట్టుకుంటె ఒళ్లు పెనం.

ఇంట్ల ఉన్న బొంతలన్నీ కప్పినా వణుకు ఆగేది కాదు. జ్వరం తలకెక్కినప్పుడు మమ్మల్ని గుర్తుపట్టకుండ వాళ్ల అవ్వను పిలిచేది. దవాఖాన డాక్టరు వచ్చి చూసి చేదుగోళీలు ఇచ్చి, "కడుపు ఖాళీగ ఉంచొద్దు, పొద్దుమాపు వేడి వేడి జావ పోయాలె" అని చెప్పిపోయిండు. మొదట మల్లవ్వ తెచ్చి పోసింది. తర్వాత ఆమె ఇంట్ల కూడా పిల్లలు జ్వరాన పడ్డరు. బాపు మంచం పట్టె మీద కూసొని అవ్వ మొకం దిక్కు చూస్తున్నడు. ఆయన కండ్లల్ల భయం నేను అంతకుముందు చూడలే. లేచిండు. వంటర్రలకు పోయి గద్దెమీది పుస్తకాలు రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టిండు. ధోతి ఎగగట్టిండు. ఆ అర్రల ఆ పొయ్యి మొదటిసారి ముట్టించింది ఆయనే.

వానకు తడిసిన కట్టెలు. అంటుకోకపాయె, అంటుకున్నంక మండకపాయె. పొగ లేచి పెంకలకు తాకి, తొవ్వ దొరకక మళ్ల కిందికే దిగింది. అర్రంత తెల్లగ కమ్ముకున్నది. లోపట బాపు దగ్గుతున్నది వినబడుతుంది గని మనిషి కనబడుతలేడు. కాసేపటికి జావగిన్నె పట్టుకొని బయటికి వచ్చిండు. కండ్లలకెళ్లి నీళ్లు ధారగ కారుతున్నయి, మొకమంత మసి. మంచం పక్కన కూలబడి, "ఏందే గీ పొగ! మనిషి బతుకుతడానే గిండ్ల?" అన్నడు. అవ్వకు అప్పుడే జర తెలివి వచ్చింది. కండ్లు తెరిచి ఆయన ఎర్రకండ్ల దిక్కు చాలాసేపు చూసింది.

"నీకు ఇయ్యాల్నే కనవడ్డదా?" అన్నది.

కోపంగ అనలే. గొంతుల బలమే లేదు. బాపు ఒక్కొక్క చెంచ జావ ఊది ఊది ఆమె నోట్ల పోసిండు. గిన్నె కడిగి బోర్లించిండు. కొట్టంలకు పోయి గడ్డపార తీసుకొచ్చిండు. నేను దర్వాజల నిలవడి చూస్తనే ఉన్న. గద్దెకు మీది గోడల, తన మొకానికి ఎదురుంగ, ఒక్కటి వేసిండు. మన్ను రాలింది. ఇంకొకటి వేసిండు. పెంకలు కూలి నెత్తి మీద పడుతయన్న గోడ, మూడు తరాలు ఆగినట్టే ఆగింది. మన్నుగడ్డలు ఊడి సందులో పడ్డయి, అవతల పోతున్న మేకలు బెదిరి ఉరికినయి. పొక్కలకెళ్లి వానవెలుతురు లోపలికి దూకింది. దాని వెంబడి లోపలి పొగ ఎవరో పిలిచినట్టు వంకరటింకరగ బయటికి పోయింది. అవ్వ మంచంలకెళ్లి, "ఏం కూలిందే పిల్లా?" అని నన్ను అడిగింది. "ఏం కూలలే అవ్వా, బాపు కిటికీ పెడుతుండు" అన్న. ఆమె బొంత మొకం మీదికి గుంజుకున్నది. నవ్విందో ఏడ్చిందో నాకు తెల్వలే. బొంత మాత్రం కదిలింది.

ఓదెలు తర్వాత వచ్చి టేకుచట్రం బిగించిండు గని ఆ కిటికీ చివరిదాక జర వంకరనే. అవ్వ లేచి తిరుగుడు మొదలుపెట్టినంక వంటర్రలకు వచ్చి, కిటికీ కింద గద్దెకు ఆనిచ్చి తనకోసం ఒక నేలపొయ్యి వేసుకున్నది, చుట్టూ మోకాలెత్తు గోడతో, తమ్ముని చెయ్యి పోకుండ. అట్ల మా ఇంట్ల రెండు పొయ్యిలయినయి. కింద అవ్వ రొట్టె, మీద బాపు పప్పు. ఎందుకంటె ఆ జ్వరం దినాలలో బాపుకు వంట రుచి తగిలింది. అవ్వ మంచంలకెళ్లి చెప్తుంటె నేర్చుకున్న పుంటికూర పప్పు, ఆమె కోలుకున్నంక కూడ ఆయన విడువలే. పొద్దుగాల బడికి పోయేముందు గద్దె ముందట నిలవడి, కిటికీలకెళ్లి సందుల పోయేటోళ్లను పలకరించుకుంట కలబెట్టేటోడు. తొంగిచూస్తరని భయపడ్డ మనిషే, "ఏం ఓదెలూ, వాసన ఎట్లున్నది?" అని పిలిచి మరీ అడిగేటోడు. బడిల తోటి పంతుళ్లు నవ్విన్రు. మొగోడు గరిటె పట్టుడేందని హోటల్ కాడ ఎకసెక్కాలాడిన్రు. "బడిల పోరగాళ్లకు చెప్తె ఇంటరా? పప్పు అట్ల గాదు, చెప్పినట్టు ఇంటది" అనేటోడు బాపు.

కయ్యాలు తీరిపోయినయని అనుకునేరు. లోపటి కయ్యం కిటికీ దాటి బయటికి పోయింది, అంతే. కిటికీ అవతల గోడవారకు ఇంత జాగ ఉన్నది. అక్కడ గులాబి పెడ్తనని బాపు, చిక్కుడు పెడ్తనని అవ్వ. "పొద్దుగాల వాసన వస్తదే" అని ఆయన, "వాసన కంచంల పెడ్తవా?" అని ఆమె. చివరికి ఇద్దరూ తలా ఒక కొసన నాటిన్రు. ఒక్క వానకే చిక్కుడుతీగ సరిహద్దు దాటి గులాబికి చుట్టుకొని పైకి పాకింది. కాయ తెంపబోతె ముల్లు గుచ్చుకునేది. అవ్వ తిట్టేది. తిట్టు వినబడ్డప్పుడల్లా బాపు లోపటి నుంచి, "వాసన ఎట్లున్నదే?" అని అడిగేటోడు.

నాకు పెండ్లి ఈడు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేండ్లు గడిచినయి. హుస్నాబాద్ దిక్కు ఒక ఎవుసం చేసే ఇంటి నుంచి నన్ను చూడ వస్తున్నరంటె అవ్వకు ఒక్కటే ఫికర్. ఆ తెల్లారి బాపును పిలిచి గట్టిగ చెప్పింది. "ఇయ్యాల నువ్వు వంటర్ర దిక్కు రావొద్దు. ముంగటర్రల కండువ ఏసుకొని కూసో. పిల్ల బాపు గరిటె తిప్పుతడని తెలిస్తె వాళ్లు చాయ తాగకుండనే లేచిపోతరు." బాపు సరేనన్నడు. పిలగాడు, వాళ్ల నాయిన, వాళ్ల నాయినమ్మ నర్సవ్వ వచ్చిన్రు. నేను తలవంచుకొని కూసున్న గని ఓరకంటితో అన్నీ చూస్తనే ఉన్న. గద్దె మీద పప్పు ఉడుకుతుంది. అవ్వ కింద రొట్టెల కాడ ఉన్నది, మీద పప్పు ఆమెకు కనబడదాయె. మాడువాసన మెల్లగ ముంగటర్రలకు వచ్చింది. బాపు ముక్కుపుటాలు అదరబట్టినయి. పిలగాని నాయిన, "పిల్ల ఏందాక చదివింది?" అని అడిగితె బాపు, "జర నీళ్లు పోస్తె సరిపోతది" అన్నడు. వాళ్లు మొకాలు చూసుకున్నరు. ఇక ఆగలేకపోయిండు. కండువ కుర్చీ మీద పడేసి లోపలికి ఉరికిండు.

మంచినీళ్లకని నర్సవ్వ ఆయన వెనకనే లేచిపోయింది. ఆమె మామూలు మనిషి కాదు, మా బాపు భుజం దాక వచ్చే పొడుగు. నడుం మాత్రం ముందుకు వంగిపోయింది. దర్వాజల నిలవడి చూసింది. ధోతి ఎగగట్టి పప్పు కలబెడుతున్న పంతులు, కింద పిండిచేతులతో బిగుసుకుపోయిన పంతులు పెండ్లాం. "జర పక్కకు జరుగు బిడ్డా" అని నర్సవ్వ బాపు చేతిలకెళ్లి గరిటె తీసుకున్నది. గద్దె ముందట నిలవడి కలబెట్టింది. ఇంకోసారి కలబెట్టింది. తర్వాత గట్టిగ అన్నది.

"ఓ కొడుకా, ఇటు రాండ్రి! నడుం వంచకుంటనే ఒండుతున్న చూడుండ్రి! వంగి వంగి కొడవలైన నా నడుం గిక్కడ చక్కగ నిలవడ్డది. గిది ఎవలు కట్టిన్రు?"

ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ఆ గద్దెను మెచ్చుకోని మా అవ్వ పిండిచేతులు దులుపుకొని లేచి నిలవడి, "మా ఆయనే కట్టిచ్చిండు" అన్నది. చేతులు కడుక్కుందామని వెనకకు పోయిన పిలగాడు కిటికీ అవతల నిలవడి ఇదంతా చూస్తున్నడు. మీద నిలవడ్డ తన నాయినమ్మను చూసిండు, కింద నేలపొయ్యి కాడున్న మా అవ్వను చూసిండు, ఆ రెండు పొయ్యిల దిక్కు మళ్ల మళ్ల చూసిండు. నన్ను చూడ వచ్చిన మనిషి నాకంటె ఎక్కువసేపు పొయ్యిలనే చూసిండని అప్పుడు నాకు కోపం వచ్చింది.

ఇదంతా విని శ్రావణి, ఆమె మొగడు నవ్విన్రు. నవ్వులో మాటలు కలిసినయి. నేను న్యాయమైతే చెప్పలే. ఇప్పుడు వంటిల్లు కట్టకముందే కంప్యూటర్‌లో తిప్పి తిప్పి చూపిస్తున్నరు. గోడ రంగు, గట్టు రంగు, దీపం వెలిగితె ఎట్లుంటది, అన్నీ కండ్లముందటనే. పొగ లేదు, మసి లేదు, ఆ పిల్ల కండ్లు తెల్లగ మల్లెమొగ్గల లెక్క ఉన్నయి, నాకు సంతోషమే. మా కాలంలో గోడ పగిలితె తప్ప ఏదీ తెలిసేది కాదు. అది మంచి కాలమని నేననను. ఆ పొగల కండ్లు పోగొట్టుకున్న ఆడోళ్లను ఎంతమందిని చూసిననో. కని ఆ అవస్థలలో ఒకరి పొడుగు ఒకరికి, ఒకరి పొగ ఒకరికి తెలిసే తొవ్వ ఏదో ఉండేది. ఇప్పుడు ఆ తొవ్వ మూసుకుపోయిందో, నాకే కనబడుతలేదో చెప్పలేను.

నా ముచ్చట ఇంకొంత ఉన్నది. నాకు ఆ సంబంధమే కుదిరింది. లగ్గానికి ఇంకా కొన్నాళ్లు ఉందనంగ వాళ్లింటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. అవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతుంది, బాపు పక్కన కూసొని ఉన్నడు. ఏమన్న అడ్డంకి వచ్చిందేమోనని ఇద్దరి మొకాలు మాడినయి. ఆయన జేబులకెళ్లి పసుపుదారం ఉండ తీసిండు. "పిలగాడు ఇంట్ల పొయ్యిగద్దె కట్టిస్తుండు. ముసల్దానికి ఒక ఎత్తు, పిల్లకు ఒక ఎత్తు. పిల్ల నడుం ఎంతెత్తుకు వస్తదో గీ దారానికి ముడేసి పంపుమన్నడు" అన్నడు. మల్లవ్వ ఉరికొచ్చి, "పెండ్లికి ముందే ముడి అడుగుతుండు, గట్టోడే!" అని నన్ను నిలవెట్టి, దారం కొస నా కాలిబొటనవేలి కింద తొక్కిపట్టి, నడుం కాడ ముడి వేసింది. నాకు సిగ్గుతోని తల ఎత్తబుద్ధి కాలే. పెద్దమనిషి చాయ తాగి, దారం జేబులో పెట్టుకొని పోయిండు.

ఆయన పోయినంక బాపు అరుగు మీద అట్లనే కూసున్నడు. బజారు దిక్కు చూసుకుంట, అవ్వ మొకం చూడకుండ, మెల్లగ అన్నడు.

"నేను నిన్ను ఎత్తు అడుగలే గదనే."

అవ్వ చాట ఆపలే. బియ్యం ఎగురుతున్నయి, పొట్టు గాలికి పోతుంది.

"అడిగితె నేను మళ్ల కిటికీనే అడుగుదు. నువ్వు పెట్టిచ్చి చేతులు దులుపుకుందువు. నీకు పప్పు ఒండుడు ఎన్నడొస్తుండె?"

బాపు మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి లేచిండు, ధోతి ఎగగట్టుకొని లోపలికి పోయిండు. పొద్దు గూకుతుంది, పొయ్యి ముట్టించే యాళ్ల అయింది.